ఒకే బల్ల, ఒకే సంచి – సెరాంపూరులో విలియం కేరీగారు

మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకై, పదిమందిని ఒక పనియందు నిలిపి, వారిచే కలసి పనిచేయించిన ఒక నాయకుని గూర్చి వ్రాయుమని పెద్దలు మమ్ములను కోరిరి. పాస్టరేటు కమిటీలలో కూర్చొనిన వారికి ఈ విషయము ఎంత కఠినమైనదో తెలియును. పండుగనాడు కుర్చీలు ఎటువైపు వేయవలెనని రాత్రి పది గంటలవరకు వాదించిన రోజులు మాకును కలవు. కనుక ఉపదేశము చేయు అర్హత మాకు లేదు. ఒక జీవితకథ చెప్పుటకు మాత్రము పూనుకొంటిమి.

విలియం కేరీగారి పేరు సండే స్కూలు పిల్లలకు కూడ తెలిసినదే. చెప్పులు కుట్టువాడు బైబిలు తర్జుమా చేసెనని నేర్పుదుము, అంతటితో ఊరకుందుము. కాని సెరాంపూరులో ఆయన ఒంటరిగా చేసిన పని మిక్కిలి స్వల్పము. అక్కడ ఒక ఇల్లు, ఒక బడి, ఒక అచ్చుకూటము ఉండెను. వాటిలో ఇంగ్లీషువారు, బెంగాలీలు, ఒరియావారు, మన తెలుగువారు, హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు కలసి పనిచేసిరి. అది ఎట్లు సాగెను, ఎక్కడ చెడెను అనునదే మేము చెప్పదలచిన సంగతి.

కేరీగారు 1761 ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైరులో పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించిరి. తండ్రి నేతపనివారు, తరువాత పల్లె బడిపంతులు. కుమారుడు చెప్పుల పనికి కుదిరెను. ఈ మాట మన పల్లె సంఘములలో చెప్పినప్పుడు వెనుక వరుసలో కూర్చొనిన ముసలివారు తలలు ఎత్తి వినుట మేము చూచితిమి. ఆ పని చేయువారిని ఏ ఊరు ఎక్కడ ఉంచెనో వారికి ఒకరు చెప్పనక్కరలేదు గదా! 1781లో డొరతీ ప్లాకెట్ అను ఆమెను ఆయన వివాహమాడిరి. ఆమెకు చదువు రాదు. 1792 అక్టోబరులో కెటరింగ్ పట్టణమందు బాప్తిస్టు మిషనరీ సంఘము ఏర్పడెను. మరుసటి సంవత్సరము జూనులో ఆయన కుటుంబముతో ఓడ ఎక్కిరి. నవంబరులో బెంగాలు చేరిరి. రానని పట్టుపట్టిన డొరతమ్మగారు, చెల్లెలు తోడు వచ్చుటకు ఒప్పుకొనిన మీదట కడపటి గడియలో బయలుదేరిరి. ఈ సంగతి మరువకూడదు. దీనిని మరల ఎత్తవలసియున్నది.

మొదటి ఆరేండ్లు కష్టకాలము. తోడు వచ్చిన వైద్యుడు థామస్‌గారు మంచివారే, కాని చేతిలో డబ్బు నిలువని మనిషి. తెచ్చిన సొమ్ము కొద్ది నెలలలో అయిపోయెను. తరువాత మాల్దా ప్రాంతమున మదనాబాటి నీలిమందు కర్మాగారములో కేరీగారికి ఉద్యోగము దొరికెను. అక్కడ 1794లో కుమారుడు పీటరు చనిపోయెను. డొరతమ్మగారి మనస్సు చెదరిపోయెను. ఆ రోజులలోనే ఒక కొయ్య అచ్చుయంత్రము కొని తెప్పించిరి. అది సాహేబుగారి దేవుడని ఊరివారు చెప్పుకొనిరట.

1799 అక్టోబరులో ఇంగ్లండునుండి మరికొందరు వచ్చిరి. కంపెనీవారు వారిని తమ సీమలో అడుగు పెట్టనీయలేదు. హుగ్లీ నది ఒడ్డున సెరాంపూరు డెన్మార్కు రాజు ఏలుబడిలో ఉండెను. అక్కడి గవర్నరు ఓలే బీగారు వారికి ఆశ్రయమిచ్చిరి. 1800 జనవరి 10వ తేదీన కేరీగారు మదనాబాటి విడిచి వారిని కలిసికొనిరి. వచ్చినవారిలో గ్రాంటుగారు మూడు వారములు తిరుగకమునుపే చనిపోయిరి. మరి రెండేండ్లలో ఫౌంటెన్‌గారు, బ్రన్స్‌డన్‌గారు, థామస్‌గారు కూడ పోయిరి. మిగిలినవారు ముగ్గురు: కేరీగారు, జాషువా మార్ష్‌మన్‌గారు, విలియం వార్డుగారు. నాలుగవవారుగా హన్నా మార్ష్‌మన్ దొరసానిగారిని చెప్పవలెను. చరిత్రలు వ్రాసినవారు తరచు ముగ్గురని లెక్కించి ఆమెను విడిచిపెట్టుదురు. ఆమె నడపిన బోర్డింగు బడి లాభముతోనే ఆ ఇంటి పొయ్యి చాలవరకు వెలిగెను. కనుక మేము నలుగురనియే అందుము.

ఈ నలుగురి స్వభావములు నాలుగు విధములు. కేరీగారు మెత్తనివారు, మొక్కలన్నను పుస్తకములన్నను ప్రాణము, ఎవరినైనను గద్దించవలసివచ్చినప్పుడు తప్పుకొని పోవువారు. మార్ష్‌మన్‌గారు బ్రిస్టలులో బడిపంతులుగా ఉండినవారు. పట్టిన పని విడువరు, కాని మాట కటువు, ఊరకనే నొచ్చుకొనువారు. వార్డుగారు అచ్చుపని నేర్చి, డార్బీలోను హల్‌లోను వార్తాపత్రికలు నడపినవారు. హాస్యము తెలిసినవారు, ఇద్దరి నడుమ మాట పెరిగినప్పుడు సర్దిచెప్పువారు. హన్నమ్మగారు ఇంటి లెక్క తెలిసిన తల్లి. ఇట్టివారిని ఒక ఇంట పెట్టినయెడల ఆరు నెలలు నిలుచుట కష్టమని ఎవరైనను అందురు.

అందుచేత వారు చేరిన వారములోనే ఇంటి నియమములు కొన్ని ఏర్పరచుకొనిరి. అందరు ఒకే బల్లయొద్ద భోజనము చేయవలెను. ఎవరు ఏమి సంపాదించినను ఒకే సంచిలో వేయవలెను. సొంత వ్యాపారము కూడదు. ప్రతి కుటుంబమునకు అవసరమునుబట్టి కొద్ది సొమ్ము. ఇంటి పెత్తనము నెలకొకరి వంతు. ఆరాధన నడపుటలోను ప్రసంగించుటలోను వంతులే. డబ్బు లెక్క, మందుల పెట్టె కేరీగారివి. అందరిలో పెద్దవారు గనుక ఆయనను ఇంటి యజమానిగా నియమించుట సహజముగా ఉండెడిది. కాని అందరు సమానులుగా ఉండి, ఎక్కువమంది మాట చొప్పున నడచుకొనుటయే మేలని వారు ఎంచిరి. కేరీగారు కోరినదియు అదియే.

అన్నిటికంటె మాకు నచ్చిన నియమము శనివారపు కూడిక. ప్రతి శనివారము సాయంకాలము కూడుకొని, ఆ వారములో ఒకరి మీద ఒకరికి కలిగిన నొప్పి ఏదైనను అక్కడనే చెప్పి, అక్కడనే సరిచేసికొని, ఆదివారము ఆరాధనకు వెళ్లవలెను. మన సంఘములలో తగవు అయిదేండ్లు ముదిరి కోర్టు గుమ్మము ఎక్కినపిమ్మట సమాధానపు కమిటీ వేయుదుము. వారు వారమునకు ఒకసారి ఇల్లు ఊడ్చినట్లు మనస్సులు ఊడ్చుకొనిరి.

ఒకే సంచి అనుట ఎంత కఠినమో త్వరలోనే తెలిసెను. 1801లో కలకత్తా ఫోర్టు విలియం కాలేజీలో బెంగాలీ నేర్పుటకు కేరీగారిని పిలిచిరి. నెలకు 500 రూపాయలు. కొన్ని ఏండ్లకు 1000 రూపాయలు అయ్యెను. ఆ దినములలో అది గొప్ప జీతము. ఆయన కొద్దిపాటి తిండి ఖర్చు, కాలేజీలో తలయెత్తుకొని నిలుచుటకు తగిన బట్టల ఖర్చు ఉంచుకొని, మిగిలినదంతయు సంచిలో వేసిరి. హన్నమ్మగారి బడి డబ్బు, వార్డుగారి అచ్చుకూటపు డబ్బు అందులోనే పడెను. ఎక్కువ తెచ్చినవారికి ఎక్కువ ఓటు ఇచ్చు ఏర్పాటు లేదు. 1805లో తమ ఒప్పందమును వ్రాతలో పెట్టి అచ్చువేసి, సంవత్సరమునకు మూడుసార్లు, జనవరి, మే, అక్టోబరు మాసముల మొదటి ఆదివారమున, ప్రతి స్టేషనులో చదువవలెనని నిర్ణయించిరి. ఈ దేశస్థులైన సహోదరులు సంఘములకు కాపరులు కావలెనని, వారి పేర్లు మార్చనక్కరలేదని అందులో కలదు.

బల్లను గూర్చి మరియొక మాట. 1800 డిసెంబరు 28వ తేదీన కృష్ణ పాల్ అను వడ్రంగి హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందెను. దానికి కొద్ది దినముల ముందే అతడు మిషనరీలతో కలసి భోజనము చేసెను. ఊరిలో పెద్ద అల్లరి లేచెను. తరువాత బ్రాహ్మణుడైన కృష్ణప్రసాదు క్రైస్తవుడై, వడ్రంగి తాగిన పాత్రలోనే ప్రభువు బల్లయందు తానును తాగెను. 1803లో ఆ వడ్రంగి కుమార్తెనే వివాహమాడెను. తెలుగు సంఘములు ఈ పాఠమును నేర్చుటకు ఎంత కాలము పట్టినదో, ఎంతమట్టుకు నేర్చినవో, చదువరులే ఎరుగుదురు.

ఇప్పుడు అచ్చుకూటములోనికి పోవుదము. 1811 నాటికి ఆ పొడవైన గది 170 అడుగులకు మించినది. ఒక చివర చిన్నగదిలో వార్డుగారు కూర్చొని పని అంతటిని చూచుచుండెడివారు. ప్రక్కన పండితులు, ఒకరు తర్జుమా చేయుచు, ఒకరు ప్రూఫులు దిద్దుచు ఉందురు. గోడల వెంబడి అక్షరపు పెట్టెలు: బెంగాలీ, నాగరి, ఒరియా, మరాఠీ, పంజాబీ, పారశీకము, అరబ్బీ, చైనా, బర్మా, కన్నడము, మన తెలుగు. అటుపైన కంపోజిటర్లు, కాగితములు మడచువారు, బైండింగువారు. బయట అక్షరములు పోతపోయువారు, సిరా చేయువారు.

అక్షరముల పని పంచానన కర్మాకర్‌గారిది. ఆయన కమ్మరుల వంశమువాడు. చార్లెస్ విల్కిన్స్‌గారితో పనిచేసి, 1778లో అచ్చయిన హాల్‌హెడ్ బెంగాలీ వ్యాకరణమునకు అక్షరములు చెక్కిన చేతులు ఆయనవే. సెరాంపూరు వచ్చిన కొద్ది ఏండ్లకు చనిపోయిరి. అప్పటికే అల్లుడు మనోహర్‌కు పని నేర్పియుండిరి. మనోహర్ నలభై ఏండ్లపాటు అక్కడ పనిచేసెను. ఆయన క్రైస్తవుడు కాలేదు. తన ఇష్టదేవత విగ్రహము క్రింద కూర్చొని, బైబిలుకు అక్షరములు చెక్కుచుండెనని చూచినవారు వ్రాసిరి. మిషనరీలు ఆ విగ్రహమును తీయుమనలేదు, పని మానుకొమ్మనలేదు. తమ విశ్వాసమును దాచుకొనినవారు కారు, బజారులో ప్రసంగించినవారే. అయినను పనివాని కూర్చొను చోటును అతనికే విడిచిరి.

పండితులలో మృత్యుంజయ విద్యాలంకార్‌గారు మహాపండితులు. కేరీగారికి సంస్కృతము నేర్పుటలోను తర్జుమాలు దిద్దుటలోను కుడిచేయి. రామరామ బసుగారు 1793 నుండి కేరీగారి మున్షీ. ఒకమారు ప్రవర్తన విషయమై పనినుండి తొలగింపబడి, మరల చేర్చుకొనబడిరి. వారిద్దరిని కేరీగారు కాలేజీలోనికి తీసికొనిపోయి, బెంగాలీ వచనములో పుస్తకములు వ్రాయించిరి. బసుగారు వ్రాసిన రాజా ప్రతాపాదిత్య చరిత్ర 1801లో అచ్చయ్యెను. శిష్యులు చదువుటకు వచన గ్రంథములు లేవని తెలిసినప్పుడు తానే కూర్చొని వ్రాయక, పండితులను వ్రాయుమనుట ఆయన పద్ధతి.

1806 జూనులో ఆయన ఒక దినమంతయు ఏమి చేసెనో ఇంటికి వ్రాసిన ఉత్తరము కలదు. ఉదయము లేవగానే హెబ్రీ అధ్యాయము, పనివారితో బెంగాలీ ప్రార్థన, మున్షీతో పారశీకము, పండితునితో రామాయణము, పదింటికి కాలేజీ, మధ్యాహ్నము ప్రూఫులు, మృత్యుంజయునితో సంస్కృతములో మత్తయి సువార్త. సాయంకాలము ఆరు దాటిన తరువాత ఒక తెలుగు పండితునియొద్ద తెలుగు నేర్చుటకు కూర్చొనిరి. ఆ పండితుని పేరు ఉత్తరములో లేదు. కలకత్తాలో దీపము వెలిగించుకొని, ఇల్లు విడిచి అంత దూరము పోయిన ఆ తెలుగాయన, ఒక దొరకు అక్షరములు దిద్దించిన దృశ్యమును మేము పలుమార్లు తలంచుకొంటిమి. ఇది సెరాంపూరు మీద మాకున్న ఫిర్యాదు. తర్జుమాలు కేరీగారివని లోకమంతయు చెప్పుకొనెను. వాటి ముఖపత్రములపై పండితుల పేర్లు ఎక్కలేదు. ఇంటి బల్లపై ఓట్లు మిషనరీలవి. పండితులకు జీతము, గౌరవము ఉండెను గాని ఓటు లేదు.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలము పనివారు చాలమంది ఇండ్లకు వెళ్లియుండిరి. వార్డుగారు లెక్కలు చూచుకొనుచుండగా కాగితపు గదినుండి పొగ వచ్చెను. ఆయన తలుపులు, కిటికీలు మూయించి గాలి చొరకుండ చేసిరి. పైకప్పు ఎక్కి రంధ్రము చేసి, మార్ష్‌మన్‌గారితోను పనివారితోను నాలుగు గంటలు నీరు పోయించిరి. మంట అణగు సమయమున ఎవరో మేలుకోరియే ఒక కిటికీ తెరచిరి. గాలి తగులగానే మంట గది అంతయు వ్యాపించెను. అర్ధరాత్రికి కప్పు కూలెను. అచ్చుయంత్రములు వేరుగా ఉన్నందున వాటిని బయటికి లాగగలిగిరి. అక్షరములు, వందలకొలది రీముల కాగితము, అనేక తర్జుమాల వ్రాతప్రతులు కాలిపోయెను. కేరీగారు ఏండ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు బూడిదయ్యెను. పోయినవాటిలో తెలుగు వ్యాకరణపు ప్రతి కూడ ఉండెను. నష్టము సుమారు 70,000 రూపాయలు.

కిటికీ తెరచినదెవరో వారి చరిత్రలలో ఎక్కడను పేరు లేదు. విచారణ జరిపి ఒకరిని పట్టి తోలివేసినట్లు కూడ మాకు కనబడలేదు. మన ఆఫీసులలో అట్టి నష్టము జరిగినయెడల మొట్టమొదట వ్రాయబడునది ఏ కాగితమో మనకు తెలియును.

కేరీగారు అప్పుడు కలకత్తాలో ఉండిరి. ఉదయము మార్ష్‌మన్‌గారు వెళ్లి చెప్పిరి. సాయంకాలమునకు వచ్చి చూచునప్పటికి, వార్డుగారు పనివారితో బూడిద త్రవ్వించుచుండిరి. ఉక్కు ముద్రలు, అక్షరములు పోతపోయు అచ్చులు చెడకుండ దొరికెను. కరిగి గడ్డకట్టిన సీసమును తీసి, కొద్దిగా మునుపే ఖాళీ అయిన గిడ్డంగిలో వెంటనే పోతపని మొదలుపెట్టిరి. పనివారు వంతులు వేసికొని రేయింబవళ్లు పనిచేసిరి. నెల తిరుగునప్పటికి కొన్ని భాషలలో అచ్చు మరల సాగెను. ఇంగ్లండుకు వార్త సెప్టెంబరులో అందెను. రెండు నెలలలో నష్టమంతయు కానుకలుగా వచ్చెను. కేరీగారు వ్యాకరణమును మరల మొదటినుండి వ్రాసిరి. 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. అగ్నిప్రమాదము జరిగిన ఆ 1812లోనే, విశాఖపట్టణములో దేగ్రాంజిగారు ఆనందరాయర్‌గారి సహాయముతో తెలిగించిన మూడు సువార్తలు కూడ సెరాంపూరులోనే అచ్చయ్యెను. కేరీగారి తెలుగు తర్జుమా మనవారిలో ఎక్కువకాలము నిలువలేదు. సుమారు నలభై భాషలలో వెలువడిన ఆ తర్జుమాలలో అనేకము తొందరపడి చేసినవే. మెచ్చుకొనువారు దీనిని ఒప్పుకొనుట మంచిది.

ఇక చెప్పుటకు ఇష్టము లేని సంగతులు. డొరతమ్మగారి మతి చివరివరకు సరికాలేదు. ప్రక్కగదిలో ఆమె కేకలు వేయుచుండగా ఆయన తర్జుమా చేయుచుండిరి. 1807 డిసెంబరులో ఆమె కన్నుమూసిరి. పదిమంది మాట వినిన ఆ ఇంట, మొదటినుండి రానన్న ఆమె మాట వినినవారు లేరు. కుమారులు అదుపులేక పెరుగుచుండగా వారిని దగ్గరకు తీసినవారు హన్నమ్మగారు, వార్డుగారు. పెద్దవాడైన ఫీలిక్సును అచ్చుకూటములో పెట్టి మనిషిని చేసినది వార్డుగారే. కేరీగారి మెత్తదనము సెరాంపూరును నిలిపెను. తన ఇంటిలో అదియే లోపమయ్యెను.

తరువాతి తరము మిషనరీలు వచ్చినప్పుడు బల్ల చాలలేదు. కేరీగారి సొంత అన్నదమ్ముల బిడ్డ యూస్టేసు, యేట్సు, పియర్సు మొదలైన యువకులకు, అన్ని నిర్ణయములు పెద్దలే ముందుగా చేసికొందురని, మార్ష్‌మన్‌గారు ఎవరి మాట విననీయరని తోచెను. 1818 నాటికి వారు కలకత్తాలో వేరుపడి తమ అచ్చుకూటము పెట్టుకొనిరి. పెద్దలు కష్టార్జితముతో కొనిన ఇండ్లమీద లండనులోని కమిటీ అధికారము కోరెను. మా అభిప్రాయములో తప్పు ఒకవైపే లేదు. పస్తులుండి, చావులు చూచి, కలసి ఏర్పరచుకొనిన కట్టుబాటు ఆ ముగ్గురికి రక్తములో కలిసినది. క్రొత్తగా వచ్చినవారికి అది పెద్దల ఆజ్ఞవలె కనబడెను. ఆ శనివారపు కూడికలో క్రొత్తవారిని సమానులుగా కూర్చుండబెట్టిన ఎడల ఎట్లుండెడిదో! 1823 మార్చి 7వ తేదీన వార్డుగారు కలరాతో ఒక్కదినములో చనిపోయిరి. సర్దిచెప్పు మనిషి పోయెను. 1827లో సెరాంపూరు లండను సంఘమునుండి విడిపోయెను.

ఆ తగవులన్నిటిలో మార్ష్‌మన్‌గారిని విడిచిపెట్టినయెడల కేరీగారికి సుఖముగా ఉండెడిది. విమర్శలన్నియు ఆయన మీదనే. ఇంగ్లండులో కేరీగారిని పొగడి మార్ష్‌మన్‌గారిని తిట్టుట వాడుకయ్యెను. కేరీగారు ఆ పొగడ్తను అంగీకరింపలేదు. తన రక్తసంబంధి ఎదురుపక్షమున ఉన్నను స్నేహితుని విడువలేదు. ఆ యువకులతో మాత్రము 1820లో వ్యక్తిగతముగా సమాధానపడిరి.

కడపటి ఏండ్లలో దామోదర నది వరద ఇంటిని, తోటను కొట్టుకొనిపోయెను. 1830లో కాలేజీ ఉద్యోగము పోయెను. కలకత్తా వ్యాపార సంస్థలు కూలి, బడులకు దాచిన నిధులు మునిగిపోయెను. అయినను 1829 డిసెంబరులో సతీసహగమన నిషేధపు చట్టము బెంగాలీలోనికి తిప్పుటకు వచ్చినప్పుడు, ఆ ఆదివారపు ప్రసంగమును వేరొకరికి అప్పగించి, పండితునితో కూర్చొని సాయంకాలమునకు పూర్తి చేసిరి.

1834 జూన్ 9వ తేదీన కేరీగారు ప్రభువునందు నిద్రించిరి. వీలునామాలో పంచుటకు ఆస్తి లేదు; సంపాదించినదంతయు సంచిలో పడియుండెను. ఒక కుమారునికి కొంత సొమ్ము ఇచ్చుటకై పుస్తకములు అమ్మవలసివచ్చెను. 1837 డిసెంబరులో మార్ష్‌మన్‌గారు పోయిరి. ఆ నెలలోనే లండను సంఘముతో ఐక్యము కుదిరెను. హన్నమ్మగారు 1847 మార్చివరకు జీవించిరి. మనోహర్ నేర్పిన పనివారు ఇంకను అక్షరములు పోయుచుండగా, ఆమె ఆ నది ఒడ్డుననే ఉండిరి.